పీనసము – ముక్కు చుట్టునుండు గదులు – వాని తూములు

పంటల మాట వ్రాయవలసిన యీ పుటలలో ముక్కు మాట యేల యని సభ్యులు అడుగవచ్చును. జనవరి, ఫిబ్రవరి నెలలలో సంజామల, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ ప్రాంతముల శనగ కళ్లములను చూచినవారు మాత్రము ఆ ప్రశ్న వేయరు. నూర్పిడి యంత్రము తిరుగుచున్నంతసేపు పొట్టు, ఎండుటాకుల పొడి, రేగడి దుమ్ము కలిసి పొగవలె లేచును. తువ్వాలు మూతికి చుట్టుకొని పని చేయువారు సాయంకాలము చీదినప్పుడు నల్లని చీమిడి వచ్చుట మనమందఱ మెఱిగినదే. పిమ్మట కొన్ని దినములు తుమ్ములు, రొంప. కొందఱికి తగ్గును, కొందఱికి తగ్గదు. తగ్గనివారు తలభారమనియు, ముక్కు దిబ్బడ యనియు, కూర మాడినను వాసన తెలియుట లేదనియు ఏడాది పొడుగునను చెప్పుకొనుచుందురు. బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాయి కోత, పాలిషు పనులకు పోవువారి గోడు కూడ ఇట్టిదే. 'సైనస్' అను మాట ఇప్పుడు పల్లెలలో జ్వరమన్నంత వాడుకైనది. మన పెద్దలు దీనిని పీనసమనిరి. పడిశము పది రోగముల పెట్టు అనియు అనిరి.

మేము వైద్యులము కాము. విత్తనశుద్ధి, ఎరువుల మోతాదు చెప్పుట మా వృత్తి. ఐనను ఈ వ్యాధిని పదునాలుగు సంవత్సరములు మోసి, తుదకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారము గనుకను, ఒక సభ్యుని విషయమున మేము చేసిన తప్పు మనస్సును విడువకున్నది గనుకను, తెలిసికొన్నంత మట్టుకు వ్రాయుచున్నాము.

ముందుగా ఆ గదుల సంగతి. మేము చదివిన మిషను బడిలో ప్రకృతిశాస్త్రము చెప్పిన పంతులుగారు ఒకనాడు పొట్టేలి పుఱ్ఱెను ఱంపముతో నడిమికి కోయించి తెచ్చి బల్లమీద పెట్టిరి. నొసటి యెముక గట్టిగా నుండునని మే మనుకొంటిమి. లోపల చూడగా బోలుగా నున్నది. గొఱ్ఱెలు కాచినవారి కిది క్రొత్త కాదు. ముక్కు ఈగ పెట్టిన పురుగులు ఆ బోలు గదులలోనికే ప్రాకిపోయి గొఱ్ఱెను తుమ్మించి బాధించును. మనుష్యుని ముఖమునను అట్టి గదులు నాలుగు జతలు కలవు. చెంప యెముకలలో నుండునవి అన్నిటిలో పెద్దవి. ఒక్కొక్కటి సుమారు 15 మిల్లీలీటర్లు, అనగా మూడు చెంచాల నీరు పట్టును. నొసటిలో నొక జత. రెండు కన్నుల నడుమ తేనెపట్టువలె చిన్న చిన్న అఱలుగా నొక జత. ముక్కు వెనుక, తల నడిమి భాగమునకు సమీపముగా, కడపటి జత. ఇవి యన్నియు గాలితో నిండి, సన్నని ద్వారములచేత ముక్కులోనికి తెఱచికొనియుండును.

గదుల లోగోడలకు పలుచని తడిపొర కలదు. అది జిగురు నీటిని ఊరించుచుండును. మనము పీల్చిన దుమ్ము, సూక్ష్మజీవులు ఆ జిగురునకు అంటుకొనును. పొర మీద కంటికి కనబడని నూగువంటి వెండ్రుకలు కోటానుకోట్లు కలవు. అవి క్షణమునకు పది సారులకు పైగా కొట్టుకొనుచు, ఆ జిగురును ఒకే దిక్కునకు త్రోయుచుండును. ఎచ్చటికి? గది ద్వారమునకు. అచ్చటినుండి ముక్కులోనికి, ముక్కునుండి గొంతులోనికి. మనకు తెలియకుండగనే మ్రింగివేయుదుము.

ఇచ్చటనే రైతు గమనింపవలసిన వింత యొకటి కలదు. చెఱువునకు తూము అడుగున నుండును. చెంపగదికి తూము అడుగున లేదు. పైన, కప్పునకు దగ్గఱగా ఉన్నది. నిలుచున్న మనుష్యునిలో ఆ గది నీరు తనంతట తాను పారదు. ఆ నూగు వెండ్రుకలే చిన్న చిన్న ఏతములవలె అడుగునుండి పైకి తోడి తూములో పోయవలెను. అవి రాత్రింబవళ్లు తోడుచున్నంత కాలము మనకు గది యున్న సంగతియే తెలియదు. తూము మూసికొనిపోయినను, ఏతములు నిలిచిపోయినను, లోపలి నీరు నిలువయై చిక్కబడి కుళ్లును. మురుగు కాలువ పూడిన రేగడి చేనిలో పైరు వేరు కుళ్లుటకును దీనికిని భేదము స్వల్పము.

తూము మూసికొనిపోవుటకు కారణములు పలు విధములు. పడిశము పట్టినప్పుడు పొర వాచి ద్వారము మూయును. ఇది తఱుచు వైరస్ అను అతి సూక్ష్మజీవి వలన కలుగునది. యాంటీబయాటిక్ మందులు దానిని చంపజాలవు. వారము పది దినములలో వాపు తీసి, తూము తెఱచికొని, దానంతటది నయమగును. పది దినములు దాటినను తగ్గకున్నను, తగ్గినట్లు తగ్గి మరల జ్వరముతో ముదిరినను, అప్పుడు బాక్టీరియా చేరినదని వైద్యు లనుమానింతురు. అట్టివారు పడిశము పట్టిన నూర్గురిలో ఒకరిద్దఱే. మన మందుల దుకాణములలో మూడవ దినముననే యాంటీబయాటిక్ బిళ్లలు ఇచ్చుటయు, మనము మూడు బిళ్లలు మ్రింగి తక్కినవి గూటిలో పెట్టుటయు చేయుచున్నాము. చీడ లేని చేనికి మందు కొట్టినట్లున్నది. పురుగు మందునకు అలవాటు పడుటయు అచ్చటివలెనే ఇచ్చటను జరుగును.

పండ్రెండు వారములు దాటి యుండునది దీర్ఘ పీనసము. దీని మూలము వేఱు. కొందఱికి దుమ్ము, పుప్పొడి, బూజు పడకపోవుట వలన పొర ఎల్లప్పుడు వాచియే యుండును. వయ్యారిభామ కలుపు పూతకు వచ్చినప్పుడు తుమ్మువారు ప్రతి యూరిలో కలరు. ఆ కలుపును పూతకు ముందే పెఱుకుమని మేము చెప్పుటకు పైరొక్కటే కారణము కాదు. కొందఱికి ముక్కు నడిమి గోడ వంకరగా నుండును. కొందఱికి పొర ఉబ్బి ద్రాక్షగుత్తివలె వ్రేలాడును. దీనినే పాలిప్ అందురు. అది మాంసపు ముద్ద కాదు, సాధారణముగా పుండును కాదు. పాలిప్పులతోపాటు ఉబ్బసమున్నవారిలో కొందఱికి ఆస్పిరిన్ వంటి నొప్పి బిళ్లలు పడవు. వేసికొన్న గంట రెండు గంటలలో ఊపిరాడకపోవును. ఈ సంగతి ఒకసారి యనుభవమైనవారు ఏ వైద్యునియొద్దకు పోయినను మొదట చెప్పవలెను. మఱికొందఱికి మూలము పంటిలో నుండును. పై దవడ వెనుకటి పండ్ల వేళ్లు చెంపగది అడుగునకు ఆనుకొనియుండును గనుక, పుచ్చు పంటి చీము గదిలోనికి పోవును. ఒక్క ప్రక్కనే దుర్గంధముతో చీమిడి వచ్చువారు ముక్కు వైద్యునితోపాటు దంత వైద్యుని కూడ చూడవలెను.

తలనొప్పి యెల్ల పీనసము కాదు. ఈ మాట గట్టిగా చెప్పుదుము. తమకు సైనస్ తలనొప్పి యని తామే నిశ్చయించుకొన్న 2,991 మందిని పరీక్షించి అమెరికాలో 2004లో ఒక పరిశీలన ప్రకటించిరి. అందు నూటికి 88 మందికి ఉన్నది పార్శ్వపు తలనొప్పి లక్షణమే. ముక్కు దిబ్బడ, చీమిడి, వాసన తెలియకపోవుట – వీనిలో ఏదియు లేక, వెలుతురు చూడలేక, వాంతి వచ్చునట్లుండి తల ఒక ప్రక్క కొట్టుకొనుచున్నచో, ముక్కునకు శస్త్రము చేయించుకొన్నంత మాత్రమున అది పోదు. ఇట్లు వ్యర్థముగా ధనము పోగొట్టుకొన్నవారు మా యెఱుకలోనే ఇద్దఱు కలరు.

ఇక చికిత్స. శస్త్రమునకు ముందు చేయవలసినది చాల ఉన్నది. పెక్కుమందికి దానితోనే చాలును. మొదటిది ముక్కు కడుగుట. హఠయోగులు జలనేతి యను పేర పూర్వమునుండి చేయుచున్నదే నేటి వైద్యులును వ్రాసి యిచ్చుచున్నారు. అర లీటరు నీటికి ఒక చెంచా అయొడిను కలుపని ఉప్పు, చిటికెడు తినేసోడా. ఉప్పు తక్కువైన నీరు ముక్కును మండించును. మొదటి దినమున చాలమంది విడిచిపెట్టుట కిదియే కారణము. నీరు మాత్రము కాచి చల్లార్చినదై యుండవలెను. బావి నీరు, కాలువ నీరు, కుళాయి నీరు పచ్చిగా వాడరాదు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున కుళాయి నీటితో ముక్కు కడిగికొన్న యిద్దఱికి నేగ్లీరియా అను జీవి ముక్కు దారిని మెదడునకు ప్రాకి మరణము కలిగినది. త్రాగిన నీటిలో దానివలన కీడు లేదు. ముక్కులోనికి ఎక్కిననే ప్రమాదము.

రెండవది స్టెరాయిడ్ స్ప్రే. దీని పేరు విని భయపడువారు కలరు. ముక్కులో కొట్టునది అత్యల్ప మోతాదు. దేహములోనికి చేరునది మిక్కిలి తక్కువ. అది నేడు కొట్టిన నేడే పని చేయదు. రెండు మూడు వారములు విడువక కొట్టవలెను. తల కొంచెము ముందుకు వంచి, కుడి ముక్కునకు ఎడమ చేతితోను, ఎడమ ముక్కునకు కుడి చేతితోను పట్టి, నడిమి గోడకు తగులకుండ ప్రక్కకు కొట్టవలెను. గోడకే కొట్టినచో నెత్తురు కాఱును.

దీనిని వేఱొక మందుతో పొరబడుటవలన మేము ఒక సంవత్సరము చెడితిమి. దిబ్బడ తీయు చుక్కలు కలవు. వేసిన అయిదు నిమిషములలో ముక్కు తెఱచికొనును. ఒక మందుల దుకాణములో అడుగగా ఇవియే ఇచ్చిరి. వాని నాలుగైదు దినములకు మించి వాడరాదని సీసా మీద సన్నని యక్షరములలో నున్నది. చదువుకొన్నవారమై యుండియు మేము చదువలేదు. మొదట దినమునకు రెండు మారులు, పిమ్మట నాలుగు, పిదప పడకలో తలగడ క్రింద సీసా లేనిదే నిద్ర రాని స్థితి. మందు బలము దిగినంతనే పొర ముందటికంటె ఎక్కువగా వాచును. దానికి మరల మందు. తుదకు ఒక ముక్కు వైద్యుడు చూచి, ఇది వ్యాధి కాదు, సీసాయే వ్యాధి అని మాన్పించెను. మానిన పది దినములు నోటితోనే ఊపిరి పీల్చితిమి.

ఆవిరి పట్టుట వలన కొంత హాయి కలుగును. దానివలన తూము తెఱచికొనదు. మరుగు నీటి గిన్నె ఒడిలో ఒలికి కాలిన పిల్లలు తఱుచు ఆసుపత్రులకు వచ్చుచుందురు గనుక, పిల్లలకు పట్టింపకుండుటయే మేలు.

కొన్ని నెలలు కడిగి, స్ప్రే కొట్టి, వైద్యుడు వ్రాసిన మందులు సరిగా వాడినను తగ్గనివారికి శస్త్రచికిత్స. దీని కథ వినదగినది. 1893లో న్యూయార్కున కాల్డ్‌వెల్ అను వైద్యుడును, 1897లో పారిసున ల్యూక్ అను వైద్యుడును, ఒకరి నెఱుగక యొకరు, పై పెదవి లేవనెత్తి చెంప యెముకకు రంధ్రము చేసి గదిలోని పొరనెల్ల గీకివేయు పద్ధతిని కనిపెట్టిరి. సుమారు ఎనుబది యేండ్లు అదియే రాజ్యము చేసినది. పొర కుళ్లినది గనుక పొర తీసివేయవలెనని వారి యూహ. నీరు కాఱుటకు గది అడుగున, ముక్కులోనికి, క్రొత్త రంధ్రము పెట్టుటయు వాడుకగా నుండెను. అడుగున తూము పెట్టినచో నీరు పారునని ఎవనికైనను తోచును, మాకును తోచియుండును.

ఆస్ట్రియా దేశమున గ్రాట్స్ నగరమందు వాల్టర్ మెస్సర్‌క్లింగర్ అను వైద్యుడు ఆ నూగు వెండ్రుకలు జిగురును ఏ త్రోవను నడుపునో ఏండ్ల తరబడి పరిశీలించెను. అడుగున ఎంత పెద్ద రంధ్రము చేసినను జిగురు దాని ప్రక్కగా తప్పుకొనిపోయి, పైనున్న సహజమైన ద్వారమునకే ఎక్కుచున్నదని తేలెను. ఏతము తాను పోయవలసిన కాలువనే యెఱుగును. మనము పెట్టిన గండిని అది యెఱుగదు. మఱియు ఆ ద్వారమునకు ఎదుటనున్న ఇఱుకు సందులో, ఒక బియ్యపు గింజంత వాపుండినను, గది యంతయు చెడునని ఆయన చూపెను. ఆ యిఱుకు తీసినచో, గీకివేయదగినదని తలంచిన పొర తనంతట తాను కోలుకొనును. చెఱువు మట్టి నంతయు త్రవ్విపోయుట మాని, తూము నోటి చెత్త తీసిన చాలునన్న మాట.

ఇది చూచుటకు సాధనము కావలెను. ఇంగ్లండు దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు హరాల్డ్ హాప్కిన్స్ 1959 ప్రాంతమున గాజు కడ్డీలను వరుసగా పేర్చి, సన్నని గొట్టము గుండ స్పష్టమైన బొమ్మను తెచ్చు ఉపాయము కనిపెట్టెను. జర్మనీలో కార్ల్ స్టోర్జ్ దానిని సాధనముగా తయారు చేసెను. అదియే ఎండోస్కోపు. ముక్కునకు వాడునది పెద్దలకు 4 మిల్లీమీటర్ల లావు. కొన్ని నేరుగా చూచును, కొన్ని 30, 45, 70 డిగ్రీల మూలకు తిరిగి చూచును. మెస్సర్‌క్లింగర్ గ్రంథము 1978లో ఇంగ్లీషున వెలువడినది. ఆయన శిష్యుడు స్టాంబర్గర్, అమెరికాలో డేవిడ్ కెన్నెడీ ఈ విద్యను లోకమంతట నేర్పిరి. 1985లో కెన్నెడీ ప్రకటనలతో దీనికి ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ యను పేరు స్థిరపడినది. మన వైద్యులు పొడి యక్షరములతో 'ఫెస్' అందురు.

మాకు చేసిన విధము చెప్పుదుము. ముందుగా సి.టి. స్కాను తీసిరి. ఇది లేనిదే ఈ శస్త్రము చేయరాదు. పొలము చూడక పటము గీచినట్లగును. ఒక్కొక్కరి గదుల తీరు ఒక్కొక్క విధముగా నుండును, కన్ను గోడ ఎంత దాపున నున్నదో, మెదడు పళ్లెము ఎంత క్రిందికి దిగినదో ఆ పటమే చెప్పును. మా చెంపగదులు రెండును, కన్నుల నడిమి అఱలును తెల్లగా నిండియుండెను. గాలి యున్న చోటు నల్లగా కనబడవలెను. శస్త్రమునాడు పూర్తిగా మత్తు ఇచ్చిరి. వాపు, నెత్తురు తగ్గించు మందులో తడిపిన దూది పట్టీలు ముక్కులో పెట్టి, గొట్టము గుండ తెర మీద చూచుచు, ద్వారమునకు అడ్డముగా కొడవలివలె నుండు సన్నని యెముక పొరను తొలగించి, పాలిప్పులను కోసి పీల్చు సాధనముతో తీసి, సహజ ద్వారమునే వెడల్పు చేసిరట. ముఖము మీద కోత లేదు, కుట్టు లేదు. గంటన్నర పట్టెనని ఇంటివారు చెప్పిరి. మరునాడు ఇంటికి వచ్చితిమి.

నొప్పి ఊహించినంత లేదు. కాని తరువాతి మూడు వారములు తేలిక యని మేము చెప్పము. నెత్తురు కలిసిన పక్కులు కట్టి, ముక్కు ముందటికంటె దిబ్బడగా నుండెను. శస్త్రము చెడినదని తలంచి ఒక రాత్రి చాల దుఃఖించితిమి. దినమునకు రెండు మూడు సారులు ఉప్పు నీటితో కడుగుటయు, వారము వారము పోయి వైద్యునిచేత పక్కులు తీయించుకొనుటయు సగము చికిత్స. ఇది మానినవారికి గాయపు గోడలు ఒకదానికొకటి అతుకుకొని తూము మరల మూసికొనిపోవును. రెండు వారములు గట్టిగా చీదరాదు. తుమ్ము వచ్చిన నోరు తెఱచి తుమ్మవలెను. మూటలెత్తరాదు, వంగి పని చేయరాదు. కళ్లమున అడుగు పెట్టరాదని ఆరు వారములు గడువు పెట్టిరి. అందుచేత తొందర లేని శస్త్రమును శనగ నూర్పిడి ముగిసిన పిమ్మట పెట్టించుకొనుట రైతునకు అనుకూలము. అయిదవ వారమున ఒక ఉదయము ఇంటిలో కాఫీ పొడి వేయించిన వాసన తెలిసెను. అంతకుముందు ఎన్నియేండ్ల క్రిందట తెలిసినదో మాకు జ్ఞాపకము లేదు.

ప్రమాదములను దాచరాదు. కన్నునకును ఆ అఱలకును నడుమ నుండు యెముక కాగితమంత పలుచన. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిన్ పేరునకు అర్థమును అదియే. పైకప్పు మీద మెదడు. చేయి తప్పిన కంటిలోనికి నెత్తురు దిగుట, చూపు దెబ్బ తినుట, మెదడు చుట్టునుండు నీరు ముక్కులోనికి కాఱుట సంభవించును. నేర్పరుల చేతిలో ఇట్టి పెద్ద చిక్కులు నూటికి ఒక్కటి కంటె తక్కువ. శస్త్రమైన పిమ్మట కన్ను వాచినను, చూపు తగ్గినను, వంగినప్పుడు ముక్కునుండి తేటనీరు బొట్లు బొట్లుగా కాఱినను, తెల్లవారువఱకు ఆగక వెంటనే తెలుపవలెను. నెత్తురు పలుచన చేయు మందులు వాడువారు శస్త్రమునకు ముందే చెప్పవలెను; వైద్యుని యడుగక తామే మానుటయు అపాయమే. మఱియొక మాట: ఈ శస్త్రము తూమును తెఱచునే గాని దుమ్ము పడని స్వభావమును మార్చదు. పాలిప్పులు కొందఱికి మరల వచ్చును. అందుచేత స్ప్రేయు, కడుగుటయు మేము నేటికిని మానలేదు.

పైన చెప్పిన మా తప్పు ఇక చెప్పవలెను. 2021 మే నెలలో కోవిడ్ తగ్గి యింటికి వచ్చిన ఒక సభ్యుడు మాకు ఫోను చేసెను. ఆయనకు చక్కెర వ్యాధి కలదు. "సారూ, ఒక పక్క చెంపంతా పోటు పెడతాంది, ముక్కు దిబ్బడేసింది" అనెను. ఊరూర సైనస్ వైద్యులమని పేరు పడినవారము గదా; "ఆవిరి పట్టన్నా, సైనస్ అయ్యుంటాది" అని చెప్పి ఊరకుంటిమి. ఆరవనాటికి ఆ వైపు కన్ను వాచి, రెప్ప లేవకపోయెను. అంగిట నల్లని మచ్చ కనబడెను. అది మ్యూకర్‌మైకోసిస్, పత్రికలు నల్ల ఫంగస్ అని వ్రాసినది.

ఆ బూజు మనకు పరాయిది కాదు. మట్టిలో, పెంటలో, కుళ్లిన కూరగాయలలో, పాచిన రొట్టె మీద నిత్యము ఉండునదే. మనమందఱము దాని విత్తులను ప్రతి దినము పీల్చుచున్నాము. చక్కెర విపరీతముగా పెరిగినవానికి, స్టెరాయిడ్ మందులు ఎక్కువగా పడినవానికి, దేహబలము చెడినవానికి అది ముక్కు గదులలో నాటుకొని, రక్తనాళములను మూసి, మాంసమును నల్లగా చంపుచు కన్నునకు, మెదడునకు ప్రాకును. ఆ సంవత్సరము జూన్ చివరికే దేశమున 40,000 మందికి పైగా దీని వాతబడినట్లు కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. తెలంగాణమున హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రిని దీనికై ప్రత్యేకించిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరోగ్యశ్రీలో దీని చికిత్సను చేర్చినది. ఆంఫోటెరిసిన్ మందునకు ఆ దినములలో కఱవు. ఆ ఎండోస్కోపుతోనే వైద్యులు చచ్చిన మాంసమును మూడు సారులు తీసిరి. మా సభ్యుని ప్రాణము దక్కినది, కన్ను దక్కలేదు. ఇప్పుడు ఆయన తన నాలుగెకరములు కౌలునకిచ్చి, కళ్లమునకు వచ్చి కూర్చుండును. మమ్ము ఒక్క మాటయు అనలేదు. మొదటినాడే పొమ్మని చెప్పియున్నచో కన్ను నిలిచెడిదా యని ఒక వైద్యు నడిగితిమి. నిలిచెడిదేమో, దినములు లెక్కకు వచ్చునని ఆయన చెప్పెను.

కావున, చక్కెర వ్యాధి యున్నవానికి ముఖము ఒక ప్రక్క నొప్పి, వాపు, తిమ్మిరి, నల్లని లేక నెత్తురు చీమిడి, రెప్ప వ్రాలుట, ఒకటి రెండుగా కనబడుట, పై పండ్లు కదలుట – వీనిలో ఏది వచ్చినను పీనసమని యింట నుంచరాదు. చక్కెర లేనివానికైనను కన్ను వాచినచో అంతే. ఒక్క ప్రక్క ముక్కునుండియే మాటిమాటికి నెత్తురు వచ్చుచున్న నడివయస్సు దాటినవాడు కంతి యేమోయని చూపించుకొనవలెను. కొయ్య పొడిలో ఏండ్ల తరబడి పని చేసిన వడ్రంగులకు ఈ కంతుల భయ మెక్కువ. ఎండ కాచి దుమ్ము లేచు దేశములలో – సూడానులో, పాకిస్తానులో, మన ఉత్తరాదిని – చక్కెర లేని ఆరోగ్యవంతులకు సైతము ఆస్పర్జిల్లస్ అను బూజు నెలల తరబడి మెల్లగా కన్ను వైపు ప్రాకుట వైద్యులు చూచియున్నారు. ఇది నొప్పి లేక కన్ను ముందుకు వచ్చుటతో బయటపడును.

దుమ్ము సంగతి మా వృత్తికి చేరినది గనుక రెండు మాటలు. తువ్వాలు పొట్టును ఆపును గాని సన్నని ధూళిని ఆపదు. ఎన్-95 మాస్కు ముక్కు వంతెన మీద తీగ నొక్కి, ప్రక్కల సందు లేకుండ పెట్టుకొన్న ఆపును. గడ్డము దట్టముగా నున్నచో సందు పోదు. యంత్రపు పొట్టు నోటిని గాలి పోవు దిక్కునకు త్రిప్పి నిలుపవలెను. ఉదయము తూర్పున నుండి వీచిన గాలి మధ్యాహ్నమునకు మారిన, యంత్రమును మార్చు ఓపిక మనవారికి లేదు. తూర్పారపట్టినప్పుడు మన తాతలు గాలికి వీపు పెట్టియే నిలిచిరి. పని ముగిసినంతనే స్నానముతోపాటు ముక్కు కడుగుట మంచిది.

చూపించుకొనుట కెచ్చటికి పోవలెనని పలువురడుగుచున్నారు. 2016 నుండి మన సంజామల మీదుగా నంద్యాలకు రైలు కలదు. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది. కర్నూలు వైద్య కళాశాల 1956 నాటిది, దాని సర్వజన వైద్యశాల ఉండనే యున్నది. ఆరోగ్యశ్రీకి 2024 నుండి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ యని పేరు. తమ శస్త్రము అందు చేరునో లేదో ముందుగా ఆసుపత్రిలోని ఆ పథకపు సహాయకు నడిగి, కార్డును, ఆధారును, పాత స్కానులను వెంట తీసికొనిపోవలెను. స్కాను కాగితములు పాఱవేయువారు కలరు. వైద్యునకు పాత పటము క్రొత్తదాని యంత విలువైనది. పంట ఋణమును ఆసుపత్రికి పెట్టి, పిమ్మట వాయిదా తప్పిన సభ్యులు మన సంఘమున కలరని కార్యదర్శిగారు చెప్పిరి. అడిగి తెలిసికొనక ముందే చేతి సొమ్ము తీయవలదు.

ముక్కు కడుగు సీసాలు రెండు మా యొద్ద నమూనాకు కలవు. వచ్చు నెల సర్వసభ్య సమావేశము నాడు, శనగ విత్తనశుద్ధి చేసి చూపిన పిమ్మట, కాచి చల్లార్చిన నీటితో మా ముక్కు మీదనే కడిగి చూపుదుము. ఉప్పు కొలుచుటకు తమ యింటి చెంచాలు తెచ్చుకొన్నచో, అందు ఎంత పట్టునో సంఘపు త్రాసులో తూచి చెప్పుదుము.